చెరువు గట్టు నేర్పిన పాఠం
(డిసెంబరు 17, పెన్షనర్స్ డే సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షన్ ఎవరి దయాధర్మమూ కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చింది. ఆ విషయం గురించి, డి.ఆర్., మెడికల్ బిల్లుల గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. కార్యదర్శి గారు నాతో, "రిటైరయ్యాక కాలం ఎలా గడుపుతున్నారో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను గాలం వేస్తాను. అదే చెబుతాను. శాకాహారులైన మిత్రులు మన్నించాలి. వంట గురించి తక్కువ, చెరువు గురించి ఎక్కువ మాట్లాడతానని హామీ ఇస్తున్నాను.

మన ప్రాంతానికి నీళ్ల భాగ్యం ఉంది. 1931లో నిజాంసాగర్ పూర్తయింది, కాలువలు వచ్చాయి. కాలువల వెంట చెరకు వచ్చింది. చెరకు ఉందని 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చెరువులు మాత్రం ఉన్నాయి. నిజామాబాద్‌లో ఖిల్లా కింద రఘునాథ చెరువు, బోధన్‌లో బెల్లాల్ చెరువు, జానకంపేట దగ్గర అశోక్‌సాగర్, ఆ పక్కన అలీసాగర్. వీటి గట్ల మీద కూర్చోనివాడు మన సభలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి.

గాలం వేయడానికి పెద్ద ఖర్చు లేదు. ఒక వెదురు కర్ర, నైలాన్ దారం, గాలపు ముల్లు, నీటి మీద తేలడానికి చిన్న బెండు ముక్క ఉంటే చాలు. ఎర్రలు పెడితే పరకలు, జెల్లలు వస్తాయి. గోధుమపిండి ముద్దకు జిలేబీ చేప వస్తుంది. ఈ జిలేబీ మన చేప కాదు. 1952లో బయటి నుంచి తెచ్చి దేశంలో వదిలారు. ఇప్పుడు మన చెరువుల్లో దానిదే రాజ్యం.

అయితే గాలం వేసేవాడి అసలు ఆశ కొర్రమట్ట మీద ఉంటుంది. పాము తల, పెద్ద నోరు, నాచులో కదలకుండా పొంచి ఉండి, కప్ప దూకితే చాలు, నీళ్లు చిట్లేలా వచ్చి పట్టేస్తుంది. గాలిని కూడా పీల్చగలదు కనుక ఒడ్డున వేసినా గంటల తరబడి బతికే ఉంటుంది. 2016లో దానిని తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు.

మనలాగే సర్కారు నౌకరీ చేసినవాళ్లలో ఈ పిచ్చి పాతదే. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ అనే దొర 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అని పుస్తకం రాశాడు. అది చాలక 1887లో కేవలం మన చెరువుల్లో గాలం వేయడం గురించే 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని ఇంకొకటి రాశాడు. ఆఫీసు ఫైళ్లు ఎప్పుడు చూసేవాడో తెలియదు.

ఇక నా స్వంత సంగతి. ఇది ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

1974లో నేను బోధన్‌లో కొత్త గుమాస్తాను. పెళ్లయి ఏడాది. మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజు చేప తినాలని మన ఆచారం. మామగారు మొదటిసారి మా ఇంటికి వస్తున్నారు. పొద్దున్నే కర్ర పట్టుకుని చెరువుకు పోయాను. అంతకుముందే రెండు మంచి వానలు పడ్డాయి. గట్టు దగ్గర, మోకాలి లోతు నీళ్లలో, ఎవరో కుంకుమ చల్లినట్టు ఎర్రగా ఒక మచ్చ కదులుతోంది. దాని పక్కన కప్పను వేశాను. వేసీ వేయగానే లాగింది. రెండు కిలోల కొర్రమట్ట. సంచిలో వేసుకుని, నా అంత మొనగాడు లేడనుకున్నాను.

పక్కన వల బాగు చేసుకుంటున్న ముసలాయన లేచి వచ్చాడు.

"ఏం సారూ, పిల్లల తల్లిని పట్టిండ్రా?"

"పిల్లలెక్కడ తాతా?"

ఆయన ఆ ఎర్ర మచ్చను చూపించాడు. "గవ్వే. తల్లీ తండ్రీ కిందికెల్లి కావలి కాస్తయి. దగ్గరికి ఏమొచ్చినా మీద పడ్తయి. గందుకే మీకు గంత జల్ది దొరికింది. ఆకలికి కాదు సారూ, పిల్లల కోసం పట్టింది. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. అది ఎన్ని దిక్కులు చూస్తది?"

సంచిలో చేప బతికే ఉంది, కొట్టుకుంటోంది. వదిలేయమని ఆయన అనలేదు. వదిలేయవచ్చని నాకు తెలుసు. మామగారు గుర్తొచ్చారు. ఇంటికి తీసుకుపోయాను.

ముద్ద దిగలేదని చెబితే అబద్ధమవుతుంది. రెండుసార్లు వడ్డించుకున్నాను. మర్నాడు ఆఫీసుకు పోతూ చెరువు దగ్గర ఆగాను. ఎర్ర మచ్చ సగమయింది. చుట్టూ చిన్నా పెద్దా చేపలు నీళ్లు కదిలిస్తున్నాయి. మూడో రోజు అక్కడ ఏమీ లేదు. ముసలాయన అక్కడే ఉన్నాడు. నన్ను చూసి ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

తర్వాత చాలా ఏళ్లు గాలం ముట్టలేదు. 2007లో రిటైరయ్యాకే మళ్లీ పట్టాను.

2012లో మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్లాము. టెక్సాస్‌లో వాళ్ల ఇంటి దగ్గర చిన్న చెరువు ఉంది. అక్కడ ఎర పెట్టకుండా, ముల్లుకు ఈకలు, దారాలు చుట్టి పురుగులాగా చేసి విసురుతారు. దాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. ఆ పురుగుకు బరువు ఉండదు. దారమే లావుగా, బరువుగా ఉంటుంది, ఆ బరువు మీదే పురుగు నీళ్ల మీదికి పోతుంది. పెనంలో పట్టేంత చిన్న చేపలన్నిటినీ కలిపి 'పాన్‌ఫిష్' అంటారు. పెద్ద నోటి చేపను 'బాస్' అంటారు. సర్వీసంతా బాస్ మనల్ని పట్టాడు, అక్కడ నేను బాస్‌ను పట్టాను!

అప్పుడు ఏప్రిల్ నెల. ఒడ్డు దగ్గర, తోకతో ఊడ్చినట్టు శుభ్రంగా ఉన్న గుండ్రని చోటులో ఒక బాస్ కదలకుండా నిలబడి ఉంది. నేను కర్ర ఎత్తాను. పదేళ్ల మా మనుమడు నా చెయ్యి పట్టుకున్నాడు. "తాతయ్యా, అది గుడ్లు కాస్తోంది. అటు వేయొద్దు" అన్నాడు. ఆ జాతిలో గూడు కాసేది తండ్రి చేప అట. నా నోట మాట రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ల క్రితం బోధన్‌లో విన్న మాటే అది. ఈసారి కర్ర దించాను. సాయంత్రం వాడికి ఆ ముసలాయన సంగతి చెప్పాను. అంతా విని వాడు ఒక్కటే అడిగాడు: "చేప బతికే ఉంది కదా, ఎందుకు వదల్లేదు?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అందుకే ఈ సభ ముందు నాలుగు మాటలు మనవి చేస్తున్నాను. మొదటిది, వానలు మొదలైన నాటి నుంచి నీళ్లలో ఎర్రగా పిల్లల గుంపు కనిపిస్తే, అక్కడ గాలం వేయకండి. తెలియక తల్లి పడితే వెంటనే నీళ్లలో వదలండి, అది బతుకుతుంది. రెండవది, చెరువులో చేప మత్స్యకారుల సంఘం వాళ్ల జీవనాధారం. అడిగి కూర్చోండి, మనిషిగా పలకరించండి. మూడవది, తెగిన నైలాన్ దారం జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి, కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది. నాలుగవది, బి.పి., షుగర్ ఉన్నవారు ఒంటరిగా పోవద్దు. మనుమడినో మనుమరాలినో వెంట తీసుకుపోండి. మనం నేర్పడం సంగతి అటుంచి, వాళ్లే మనకు నేర్పుతారు.

పిల్లల్ని కాసే కష్టం ఏమిటో ఇక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. నీళ్లలో ఉన్నదానికీ ఆ కష్టమే అని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మీకు పట్టకూడదనే చెప్పాను.