పట్టు రైతు నడుము నొప్పి: చట్టం ఇచ్చేదెంత, వ్యాయామం తెచ్చేదెంత

(సరిహద్దు గ్రామాల నుండి వచ్చిన పట్టు రైతులకు పెరంబూరులో చేసిన ప్రసంగ పాఠం)



హోసూరు, డెంకణికోట, కుప్పం, పలమనేరు వైపు నుండి ఇంత దూరం వచ్చారు. గూళ్ళ ధర గురించో, కొత్త మల్బరీ రకం గురించో చెబుతారని మీరు అనుకొని ఉండవచ్చు. ఆ సంగతులు శాఖ సిబ్బంది మీ ఊళ్ళలోనే చెబుతున్నారు. నేను మీ నడుముల గురించి, మీ మణికట్ల గురించి మాట్లాడతాను. పురుగుకు జబ్బు చేస్తే అదే రోజు టెక్నికల్ సర్వీసు సెంటరుకు పరుగెత్తే రైతు, తన నడుము పట్టేసి ఆరు నెలలైనా డాక్టరు దగ్గరకు వెళ్ళడు. ఆడవాళ్ళ సంగతి అయితే చెప్పనే అక్కరలేదు. వాళ్ళ నొప్పిని ఇంట్లో ఎవరూ నొప్పిగా లెక్క వేయరు.

ఈ మాట చెప్పడానికి పెరంబూరు తగిన చోటే. ఇక్కడ బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులు ఉండేవి. బి అండ్ సి మిల్లులంటే మీ పెద్దవాళ్ళకు తెలుస్తుంది, ఆ గుడ్డ వాళ్ళు తొడిగి ఉంటారు. 1996లో అవి మూతపడ్డాయి. ఆ మిల్లు కార్మికులు రోజంతా మగ్గాల ముందు నిలబడి, మధ్యాహ్నం దొరికిన అరగంటలో పరుగున అన్నం తిని మళ్ళీ పనికి వెళ్ళేవారు. వాళ్ళ కష్టాలు విన్న ఇద్దరు స్థానిక వ్యాపారులు, సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు, బి. పి. వాడియాను కలిశారు. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. మన దేశంలో పద్ధతి ప్రకారం ఏర్పడిన తొలి కార్మిక సంఘాలలో అది ఒకటి. దాని తర్వాత ఐదేళ్ళకు, 1923లో, పనిలో దెబ్బ తగిలిన కార్మికునికి యజమాని పరిహారం ఇవ్వాలని చట్టం వచ్చింది. అది 1924 జూలై 1 నుండి అమలు జరిగింది. ఆ చట్టం మిల్లు మనిషికి వచ్చింది. మన రేరింగ్ షెడ్డులో మనిషికి అది ఎంతవరకు వస్తుందనేది కొంతసేపటిలో చూద్దాం. ముందు ఈ నొప్పి ఎలా వస్తుందో తెలుసుకోవాలి.

వంద గుడ్ల పంటకు మొత్తం మీద సుమారు వెయ్యి కిలోల ఆకు కావాలి. అందులో 80 శాతానికి పైగా ఐదవ దశలోనే, అంటే నాలుగవ జ్వరం దాటిన తర్వాత ఉండే వారం రోజులలోనే, పురుగు తింటుంది. ఆ వారంలో 800 కిలోలు మీ చేతుల మీదుగా పోవాలి. ఒక్కసారి కాదు. కోసేటప్పుడు ఒకసారి, మూట ఎత్తేటప్పుడు ఒకసారి, షెడ్డులో దించేటప్పుడు ఒకసారి, తట్టల మీద పరిచేటప్పుడు మరొకసారి. మూడు వారాలు తేలికగా గడిచి, ఒక్క వారం ఇంత బరువు మీద పడుతుంది. అలవాటు లేని కండరం మీద ఒక్కసారిగా పడిన బరువే ఎక్కువ నడుములను దెబ్బ తీస్తుంది.

ఇంకో సంగతి ఉంది. దీని గురించి చాలామందికి తెలియదు. వెన్నుపూసల మధ్య మెత్తని దిండ్ల వంటి డిస్కులు ఉంటాయి. రాత్రి పడుకున్నప్పుడు అవి నీరు పీల్చుకొని ఉబ్బుతాయి. నిద్ర లేచిన మొదటి గంటలో అవి బిగుసుగా ఉంటాయి. అప్పుడు ముందుకు వంగితే వాటి మీద, వాటిని పట్టి ఉంచే నరాల వంటి కట్ల మీద ఒత్తిడి ఎక్కువగా పడుతుంది. ఆకు వాడకుండా ఉండాలని మనం కోత పెట్టుకునేది సరిగ్గా ఆ వేళకే. తెల్లవారుజామున మంచం దిగి నేరుగా మల్బరీ సాలులో నడుము వంచడం మంచిది కాదు. లేచిన తర్వాత అరగంట అటూ ఇటూ నడవండి, పశువుల పని, నీళ్ళ పని చూసుకోండి, ఆ తర్వాత కోతకు వెళ్ళండి. ఆకు ఏమీ చెడిపోదు.

ఇక చేతుల సంగతి. ఆకును ఒక్కొక్కటిగా బొటనవేలితో తుంచేవారికి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన వాపు, నొప్పి వస్తాయి. పిడికిలి బిగించి చేయి పక్కకు వంచితే ప్రాణం పోయినట్లు ఉంటుంది. దారం తీసే చరఖా దగ్గర వేడి నీళ్ళలో రోజంతా వేళ్ళు ఆడించేవారికి మరో బాధ: రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది. మణికట్టులో నరం నొక్కుకుపోవడం దానికి కారణం. నిద్రలో మణికట్టు వంగకుండా ఉండేలా పట్టీ కట్టుకుంటే మొదటి దశలో చాలామందికి తగ్గుతుంది. బొటనవేలి కండ సన్నబడినా, వస్తువులు చేతిలో నుండి జారిపోతున్నా ఆలస్యం చేయకూడదు. అప్పుడు చిన్న ఆపరేషన్ అవసరం కావచ్చు.

ఇప్పుడు చట్టం సంగతికి వద్దాం. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రత కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చి 1923 చట్టం స్థానాన్ని తీసుకొంది. లెక్క కట్టే పద్ధతి మాత్రం పాతదే. పనిలో జరిగిన ప్రమాదం వల్ల కూలి మనిషి మూడు రోజులకు మించి పని చేయలేకపోతే యజమాని పరిహారం ఇవ్వాలి. తాత్కాలికంగా పని పోతే నెల జీతంలో 25 శాతం చొప్పున పదిహేను రోజులకొకసారి చెల్లించాలి. శాశ్వతంగా పూర్తి పని పోతే నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉన్న ఒక గుణకంతో హెచ్చవేస్తారు. ఉదాహరణకు 40 ఏళ్ళ మనిషికి నెలకు రూ. 10,000 జీతం అనుకోండి. 60 శాతం అంటే రూ. 6,000. ఆ వయసుకు గుణకం 184.17. మొత్తం రూ. 11,05,020. సంపాదించే శక్తి 20 శాతం పోయిందని డాక్టరు ధ్రువీకరిస్తే అందులో 20 శాతం, అంటే రూ. 2,21,004 వస్తుంది. లెక్కలోకి తీసుకునే జీతానికి ప్రభుత్వం నిర్ణయించిన పరిమితి ఉంటుంది.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. చట్టం అడిగేది 'ప్రమాదం'. మూట ఎత్తుతుండగా నడుములో ఏదో తెగినట్లయితే అది ప్రమాదమేనా? 1903లో ఇంగ్లండులో ఇటువంటి కేసే ప్రభువుల సభ ముందుకు వచ్చింది. పశువుల దాణా తయారు చేసే యంత్రం చక్రం బిగుసుకుపోతే ఒక కార్మికుడు బలమంతా పెట్టి తిప్పాడు. లోపల ఏదో చిరిగినట్లయింది, హెర్నియా వచ్చింది. అతను జారలేదు, పడలేదు, యంత్రం విరగలేదు. అయినా అది ప్రమాదమేనని తీర్పు చెప్పారు. ఆ తీర్పు మన కోర్టులకూ దారి చూపింది. కాబట్టి ఫలానా రోజు, ఫలానా పనిలో, ఫలానా క్షణంలో పట్టేసిందని చూపగలిగితే కేసు నిలుస్తుంది. ఇరవై ఏళ్ళు వంగి వంగి మెల్లగా అరిగిపోయిన నడుముకు మాత్రం ఈ దారి దొరకడం చాలా కష్టం. వృత్తి రోగాల పట్టికలో సీసం, ఆస్బెస్టాస్, దూది దుమ్ము వల్ల వచ్చే జబ్బుల పేర్లు ఉన్నాయి కాని నడుము నొప్పి పేరు లేదు. ఇది న్యాయమని నేను అనను. ఉన్నది ఉన్నట్లు చెబుతున్నాను.

అందువల్ల కూలికి వెళ్ళే అక్కలు, అన్నలు ఒక్క పని చేయాలి. పనిలో నడుము పట్టేస్తే ఆ రోజే యజమానికి చెప్పండి, పక్కన ఉన్నవారు వినేలా చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రి చీటీలో 'నడుము నొప్పి' అని మాత్రమే కాకుండా, ఏ పని చేస్తుండగా వచ్చిందో రాయించుకోండి. నెల తర్వాత తెచ్చిన కాగితానికి విలువ తక్కువ. పది మందికి పైగా పనిచేసే రీలింగ్ యూనిట్లలో ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారికి దారి వేరు. వాళ్ళు యజమానిని కాక ఇ.ఎస్.ఐ.నే అడగాలి. అక్కడ తాత్కాలికంగా పని పోయిన కాలానికి వేతనంలో 90 శాతం వస్తుంది. ఇ.ఎస్.ఐ. లేనివారు కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్ళాలి. లాయరు ఖర్చుకు భయపడవద్దు. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, పరిశ్రమల కార్మికులకు 1987 చట్టం ప్రకారం ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100 నంబరుకు ఫోను చేస్తే జిల్లా న్యాయ సేవా సంస్థ దారి చెబుతుంది.

సొంత పొలంలో, సొంత షెడ్డులో పనిచేసే రైతుకు యజమాని లేడు, కాబట్టి ఈ చట్టమూ లేదు. పైగా మీ దగ్గర కూలికి వచ్చినవారికి యజమాని మీరే. ట్రాక్టరుతో, కరెంటు యంత్రంతో చేసే సాగు పనిలో ఉన్న కూలి పేరు చట్టం పట్టికలో ఎప్పటినుండో ఉంది. జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు ఇందుకోసం పాలసీలు ఇస్తాయి, విచారించండి. మీ కోసం బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి రూ. 20 కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. 18 నుండి 70 ఏళ్ళ వరకు చేరవచ్చు. కాని అది ప్రమాదంలో ప్రాణమో, చేయో, కాలో, కన్నో పోయినప్పుడే. పట్టేసిన నడుముకు పైసా రాదు.

కేసు వేసినవారిలో ఒక అపోహ చూస్తుంటాను. నయమైతే డబ్బు తగ్గుతుందేమోనని మంచం దిగరు. చట్టం దానికి కూడా జవాబు రాసి ఉంచింది. ఉచితంగా వైద్యం ఏర్పాటు చేసినా కారణం లేకుండా డాక్టరు మాట వినక దెబ్బను ముదరబెట్టుకుంటే, సక్రమంగా వైద్యం చేయించుకొని ఉంటే ఎంత నష్టం మిగిలేదో అంతవరకే పరిహారం లెక్క కడతారని 1923 చట్టంలోనే ఉంది. పడుకొని ఉన్నందువల్ల డబ్బు పెరగదు, కండలు మాత్రం కరుగుతాయి. కేసు కాగితం ఒక చేత్తో, వ్యాయామం మరో చేత్తో నడవాలి.

నడుము పట్టేసిన మొదటి రెండు రోజులు బరువు పని మానండి. అంతకు మించి మంచం మీద ఉండవద్దు. ఇంట్లో పది నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు నడవండి, వారానికి వారం పెంచండి. నొప్పి కాస్త సర్దుకోగానే చాప మీద వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడిచి, పొట్ట బిగించి, నడుమును చాపకు ఆనించి ఐదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు చాలు. అదే భంగిమలో పిరుదులు పైకెత్తి వంతెనలా నిలపండి. తర్వాత మోకాళ్ళ మీద, అరచేతుల మీద నిలబడి కుడి చేయి, ఎడమ కాలు ఒకేసారి చాపండి, ఆపైన రెండో వైపు. బోర్లా పడుకొని మోచేతుల మీద ఛాతీని మెల్లగా ఎత్తడం మరో వ్యాయామం. దీనికి ఒక గుర్తు పెట్టుకోండి. కాలులోకి పాకిన నొప్పి వెనక్కు వచ్చి నడుములోనే నిలిస్తే మంచి సూచన, కొనసాగించండి. నొప్పి పిక్కలోకి, పాదంలోకి దిగుతూ పోతే ఆ వ్యాయామం వెంటనే మానండి.

ఇవన్నీ నొప్పి వచ్చాకే అనుకోవద్దు. చాకీ పురుగులు షెడ్డుకు తెచ్చిన రోజు నుండి మొదలుపెడితే ఐదవ దశకు వచ్చేసరికి నడుముకు సుమారు పది రోజుల సాధన దొరుకుతుంది. కోతలో ప్రతి ఇరవై నిమిషాలకు నిటారుగా నిలబడి, రెండు చేతులు నడుముకు పెట్టి ఐదుసార్లు వెనక్కు వాలండి. ఇది పొలంలోనే చేయవచ్చు, చూసి నవ్వేవారిని నవ్వనివ్వండి.

పని పద్ధతిలో కూడా కొంత మార్చుకోవాలి. కొమ్మల మేతకు మారినవారికి ఆకు తుంచే పని, పడకలు ఎత్తే పని రెండూ తగ్గుతాయి. బొటనవేలికి అంతకంటే మంచి మందు లేదు. స్టాండులో కింది అర నేలకు అడుగు ఎత్తులోనైనా ఉండాలి, పై అర భుజం దాటకూడదు. మూట బరువు విషయానికి వస్తే, అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మగవానికి 55 కిలోలు దాటిన మూటలను వీలైనంత త్వరగా తగ్గించాలని సిఫారసు చేసింది. అది ఆరోగ్యంగా ఉన్న మనిషికి చెప్పిన హద్దు, రోజూ మోయమని చెప్పిన బరువు కాదు. ఒక పెద్ద మూటను రెండు చేసి రెండుసార్లు తేవడం మేలు. గూళ్ళు ఏరేటప్పుడు నేల మీద గొంతుకూర్చోకుండా పీట వేసుకోండి. గంటకొకసారి పని మార్చుకోండి, ఏరేవారు మోయండి, మోసేవారు ఏరండి.

నడుము పట్టీ గురించి చాలామంది అడుగుతారు. బరువు పని ఉన్న వేళ కట్టుకోవచ్చు. రోజంతా దాని మీద ఆధారపడితే కండరం సోమరి అవుతుంది. నూనె మర్దనా హాయినిస్తుంది, చేయించుకోండి, వ్యాయామానికి బదులుగా మాత్రం కాదు. కాలు బలహీనపడి పాదం ఈడుస్తున్నా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య స్పర్శ పోయినా అది ఇంటి వైద్యానికి లొంగేది కాదు. పంట ఐదవ దశలో ఉన్నా సరే, షెడ్డు పక్కింటివారికి అప్పగించి ఆ రోజే జిల్లా ఆసుపత్రికి వెళ్ళండి.