తొలకరి వేట

తొలకరికి బుడ్డల చేలు మొలకెత్తితే జింకలు దిగేవి. మా ఊళ్లో పెద్దలు వలలు, కుక్కలు సిద్ధం చేసుకునేవారు. వల మోసిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. 1972 చట్టం వేటను నిషేధించిందని నాకు చెప్పింది మన బడిలో సారే. ఆ రోజుతో వల మోయడం మానేశాను.

బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేశారు. పిట్ట దాదాపు కనుమరుగైంది, కృష్ణజింకలు పెరిగాయి. అవి చేలో పడితే కడుపు మండుతుంది, నాకూ చేను ఉంది. అయినా కంచెకు కరెంటు పెట్టకండి. జింకే కాదు, రాత్రి నీళ్లు కట్టను పోయే మన పిల్లలూ పోతారు. పంట నష్టానికి అందరం కలిసి అటవీశాఖకు అర్జీ పెడదాం.

ఈ తొలకరికి మళ్లీ పోదాం. వలలొద్దు, దుర్భిణి చాలు. మనవళ్లను తీసుకురండి.