పర్యావరణ న్యాయం: మన యువ వకీళ్లకు రెండేళ్ల ఆసరా



మైనారిటీ హక్కులు అనగానే మనకు వక్ఫ్ ఆస్తులు, బి.సి.-ఇ రిజర్వేషన్లు, ఉర్దూ పాఠశాలలు గుర్తుకు వస్తాయి. వాటి కోసం వాదించే వకీళ్లు కొద్దిమందైనా మనకున్నారు. మనం తాగే నీటి కోసం, పీల్చే గాలి కోసం కోర్టు మెట్లెక్కగల యువ వకీళ్లు మనలో ఎందరున్నారు? ఈ ప్రశ్నను గురించే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచాము.

మన నేలను ఒకసారి చూడండి. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. కర్మాగారం 2012లో మొదలైంది. దాని వ్యర్థాల చెరువు కె.కె.కొట్టాల సమీపంలో ఉన్నది. బోర్లలో నీరు చెడిందనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. అందుకు తాము కారణం కాదని యురేనియం సంస్థ అంటున్నది. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ సంస్థకు షోకాజ్ నోటీసు ఇచ్చింది. ఎర్రగుంట్ల వైపు వెళితే సిమెంటు కర్మాగారాలు, కలమళ్ల థర్మల్ కేంద్రం బూడిద. మంగంపేటలో ముగ్గురాయి గనులు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతాలలో నాపరాయి, సున్నపురాయి. రాతిపొడి ఏళ్ల తరబడి ఊపిరితిత్తులలో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. ఈ చోట్ల రాళ్లు కోసేవారిలో, లారీలు నడిపేవారిలో, నీళ్లు కొని తాగేవారిలో మన దూదేకుల, షేక్ కుటుంబాల వారున్నారు. వారి పక్కనే దళితులు, బోయలు, రెడ్లు ఉన్నారు. చెడిన బోరు ఎవరి మతమూ అడగదు.

చట్టం లేక మనం నష్టపోవడం లేదు. చట్టంలోని గడువు మనకు తెలియకుండానే దాటిపోతున్నది. 2010 నాటి చట్టం ద్వారా జాతీయ హరిత ట్రిబ్యునల్ ఏర్పడింది. మన రాష్ట్రానికి సంబంధించిన దక్షిణ ధర్మాసనం చెన్నైలో ఉన్నది. ఒక పరిశ్రమకు ఇచ్చిన పర్యావరణ అనుమతిపై అప్పీలు చేయాలంటే గడువు 30 రోజులు. సరైన కారణం చూపితే మరో 60 రోజులు ఇవ్వవచ్చును. ఆపైన ఒక్క రోజు గడిచినా తలుపు మూసుకున్నట్లే. ఇతర పర్యావరణ వివాదాలకు 6 నెలలు, నష్టపరిహారానికి 5 సంవత్సరాలు. పరిహారం కోరని దరఖాస్తుకు రుసుము 1,000 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. బాధితుడు స్వయంగా వాదించుకొనవచ్చును. తలుపు ఇంత వెడల్పుగా ఉన్నా, ఆ గుమ్మం దాకా కాగితాలు మోసే మనిషి కరువయ్యాడు.

అనుమతికి ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ సంగతి కూడా ఇంతే. 2006 నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు పత్రికలో ప్రకటించాలి. నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. సభను వీడియో తీయాలి. చివర సభలో వచ్చిన అభిప్రాయాలను అందరికీ స్థానిక భాషలో చదివి వినిపించాలి. వందల పేజీల ఇంగ్లీషు నివేదికను ఆ 30 రోజులలో చదివి, ఊరివారికి విడమరచి చెప్పి, అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇప్పించేది ఎవరు? ఆ పని అనుభవజ్ఞులైన పెద్ద వకీలు చేయలేరు, వారికి తీరిక లేదు. అది చదువు పూర్తయి రెండు మూడేళ్లు గడిచిన యువకులు, యువతుల పని.

ఈ పనికి విలువ లేదనుకోకండి. హైదరాబాదుకు నీరిచ్చే హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల దగ్గర ఒక నూనె కర్మాగారం పెట్టబోయినప్పుడు, 1999లో సుప్రీంకోర్టు ప్రొఫెసర్ ఎం.వి.నాయుడు కేసులో ఒక గొప్ప సూత్రాన్ని స్థిరపరచింది. హాని జరగదని రుజువు చేయవలసిన భారం పరిశ్రమ పెట్టేవారిదే. పేదవాడు ప్రయోగశాలను జేబులో పెట్టుకొని తిరగనక్కర లేదన్నమాట. 1996లో వెల్లూరు కేసులో తమిళనాడు తోళ్ల కర్మాగారాలపై తీర్పు వచ్చింది. ఆంబూరు, వాణియంబాడి తోళ్ల వ్యాపారంలో ముస్లిములు ఎక్కువ. చెడిన నీరు తాగిన ఊళ్లలోనూ ముస్లిములున్నారు. కాలుష్యం మనవారు చేసినా కాలుష్యమే. ఈ చట్టం నేర్చిన వకీలు మనకుంటే బాధితునికి అండగా నిలుస్తాడు, మన చిన్న వ్యాపారికి నోటీసు రాకముందే తప్పు దిద్దుకొమ్మని చెబుతాడు.

ఇక నేర్చుకొనే మార్గం. అమెరికాలో పర్యావరణ న్యాయ సంస్థలు న్యాయ విద్యార్థులను వేసవిలో క్లర్కులుగా తీసుకుంటాయి, పట్టభద్రులకు ఒకటి రెండేళ్లు జీతంతో ఫెలోషిప్ ఇస్తాయి. క్లర్కు అంటే మన కోర్టు ఆవరణలోని వకీలు గుమాస్తా అని తల్లిదండ్రులు పొరబడవద్దు. లా క్లర్కు అంటే న్యాయమూర్తి దగ్గర గానీ, పెద్ద వకీలు దగ్గర గానీ తీర్పులు పరిశోధించే పట్టభద్రుడు. మన సుప్రీంకోర్టు, హైకోర్టులు కూడా లా క్లర్కులను తీసుకుంటాయి. సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే నెలలో తీర్పునిచ్చిన సుప్రీంకోర్టు, లా క్లర్కుగా పనిచేసిన కాలాన్ని కూడా అందులో లెక్కించాలన్నది. కనుక ఆ కాలం వృథా పోదు. ఢిల్లీలో 2005లో స్థాపితమైన లైఫ్ అనే న్యాయవాదుల సంస్థ పర్యావరణ కేసులే వృత్తిగా పనిచేసి 2021లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం అందుకున్నది. ఈ రంగంలో బతుకూ గౌరవమూ ఉన్నాయనడానికి అదొక నిదర్శనం.

మరి మన పిల్లలు ఎందుకు వెళ్లడం లేదు? కారణం డబ్బు. జూనియరుకు తొలి రెండు మూడేళ్లు చాలా చోట్ల బస్సు చార్జీలు కూడా గిట్టవు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం జూనియర్లకు నెలకు 5,000 రూపాయల భృతి ప్రారంభించింది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాలలో 20,000, గ్రామీణ ప్రాంతాలలో 15,000 రూపాయలైనా ఇవ్వాలని సూచించింది. సూచన సూచనగానే ఉన్నది. ఆస్తి ఉన్న ఇంటి బిడ్డ ఆ రెండేళ్లు ఓర్చుకుంటాడు. మెకానిక్ కొడుకు నల్లకోటు మడిచిపెట్టి కువైట్ విమానం ఎక్కుతాడు. దర్జీ కూతురికి సంబంధం చూస్తారు.

అందుకే మా ప్రతిపాదన ఇది. మన సమాజం సొంతంగా రెండు ఫెలోషిప్‌లు నెలకొల్పాలి. కర్నూలు వైపు నుండి ఒకరు, కడప వైపు నుండి ఒకరు. ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా యువతి కావాలి. నెలకు 15,000 చొప్పున ఇద్దరికీ రెండేళ్లకు 7,20,000 రూపాయలు అవుతుంది. ఒక మోస్తరు పెళ్లి విందు ఖర్చు కంటె ఇది పెద్దదేమీ కాదు. జకాత్ సొమ్ము దీనికి చెల్లునా అన్నది ఉలమాలను అడిగి నిర్ణయించుకుందాం. సదఖాకు, సాధారణ విరాళాలకు ఆ చిక్కు లేదు.

మొదటి ఆరు నెలలు వారు చెన్నైలో ట్రిబ్యునల్ ముందు వాదించే సీనియరు వద్ద పని నేర్వాలి. కడప మీదుగా చెన్నైకి రైళ్లున్నాయి, దూరం సాకు కాదు. తరువాత సొంత జిల్లాకు వచ్చి ప్రతి ప్రజాభిప్రాయ సేకరణకు హాజరు కావాలి. అనుమతి షరతులు ఎలా అమలవుతున్నాయో పరిశ్రమలు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న సమర్పించవలసిన నివేదికలను తెప్పించి చదవాలి. దొరకని వాటికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. ఏ అనుమతి ఏ రోజు వచ్చిందో, అప్పీలు గడువు ఏ రోజుతో ముగుస్తుందో ఒక పుస్తకంలో రాసి, ఆ ఊరి పెద్దలకు తెలియజేయాలి. సహాయం కోరి వచ్చినవారి కులమతాలు అడగరాదు. మన ఇరుగుపొరుగుల బోరు కోసం మన బిడ్డ కోర్టుకు వెళ్లిన నాడు, మన హక్కుల కోసం ఆ ఇరుగుపొరుగులు వస్తారు.

విద్యార్థులారా, ఆసక్తి ఉన్నవారు ఒక పని చేసుకుని రండి. మీ మండలంలోని ఒక పరిశ్రమను ఎంచుకొని, దాని అనుమతి పత్రంలోని షరతులను తెలుగులో రెండు పుటలలో రాయండి. మేము ఎంపిక చేసేది వాటిని చూసే. తల్లిదండ్రులారా, ఆ రెండేళ్లు మీ బిడ్డను మాకు అప్పగించండి. దాతలారా, తక్కిన మాట మీదే.