చుక్కల సొర పక్కన ఈత

నూజివీడు తోటల్లో రసాల పిందెలు ఊరే మార్చి నెలలో, పశ్చిమ ఆస్ట్రేలియాలోని నింగలూ తీరంలో తిమింగల సొరల సందడి మొదలవుతుంది. జులై దాకా సాగుతుంది. పేరులో తిమింగలం ఉన్నా ఇది చేపే, లోకంలోకెల్లా పెద్ద చేప. అంత దేహమున్నా తినేది నలుసంత ప్రాణులను. నోరు బార్లా తెరిచి నీటిని వడగట్టుకుంటుంది.

చిన్న విమానం ఆకాశం నుంచి సొర జాడ చెబుతుంది. పడవ అటు మళ్లుతుంది. గైడు వెంట ఒక విడతలో పది మందికి మించి దిగకూడదు. ఒంటికి మూడు మీటర్లు, తోకకు నాలుగు మీటర్ల ఎడం పాటించాలి. తాకడం, ఫ్లాష్ కొట్టడం కుదరదు. ఫొటోలు మాత్రం పనికొస్తాయి: ఏ రెండు సొరల చుక్కలూ ఒకేలా ఉండవు కనుక, శాస్త్రవేత్తలు వాటితోనే గుర్తుపడతారు.

మన బంగాళాఖాతంలోనూ ఈ చేప తిరుగుతుంది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో ఒకటి చిక్కుకుంటే అటవీ సిబ్బంది, మత్స్యకారులు, జంతుప్రేమికులు కలిసి లోతు నీళ్లలోకి సాగనంపారు. ఈ యాత్రలో గైడు కావలసి వచ్చింది చేపకే! 2001 నుంచి దీన్ని వేటాడటం మన దేశంలో నేరం.

నూజివీడు వాళ్లకు దగ్గరి కడలి బందరు వైపే. అక్కడ సొరలతో ఈత యాత్రలు లేవు గానీ, నాగాయలంక తీరంలో అటవీ శాఖ ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను కాపాడి, వాటి నుంచి బయటికొచ్చిన పిల్లలను సముద్రంలో వదులుతుంది.