చెవితో చదువు

మా చంద్రపూర్‌ని పాతవాళ్లు ఇప్పటికీ చాందా అనే అంటారు. బొగ్గు గనుల ఊరు. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. ఒకప్పుడు తెలుగు పుస్తకం కావాలంటే బల్లార్షాలో రైలెక్కేవాళ్లం. ఇప్పుడు దాసుభాషితం లాంటి యాప్‌లున్నాయి, ఫోన్లోనే వినొచ్చు.

నాకు కథలకన్నా విషయం చెప్పే పుస్తకాలంటే ఇష్టం. అయితే అన్నీ చెవికెక్కవు. మైకేల్ ఫారడే కొవ్వొత్తి మీద పిల్లలకు చెప్పిన ఆరు ఉపన్యాసాలు 1861లో పుస్తకంగా వచ్చాయి. 2005లో మొదలైన లిబ్రివాక్స్‌లో ఔత్సాహికులు చదివిన ఇంగ్లీషు ఆడియో ఉచితం. రొట్టెలు కాలుస్తూ విన్నాను. ఆర్పిన కొవ్వొత్తి పొగకు అగ్గిపుల్ల చూపిస్తే, మంట పొగ వెంటే దిగి వత్తినంటుకుంటుందట. స్టవ్ కట్టేసి చేసి చూశాను. మొదటిసారి కుదరలేదు. ఫ్యాన్ ఆపాక, తెల్లటి పొగ తీగలా లేచింది; వత్తికి అంగుళం పైనుంచే భగ్గుమంది! నోటితో చెప్పిన మాటలు కదా, చెవికి హాయిగా ఉంటాయి.

డార్విన్ 1859 నాటి ‘జాతుల ఉత్పత్తి’ మాత్రం నా వల్ల కాలేదు. వాక్యం తోక దొరికేసరికి తల జారిపోతుంది. పావురాల దగ్గరే మూడుసార్లు వెనక్కి తిప్పాను. అలాంటివాటికి కాగితమే మేలు.

అసలీ మాట్లాడే పుస్తకాలు 1930లలో అమెరికాలో చూపులేనివారి కోసం గ్రామఫోన్ రికార్డులుగా వచ్చాయి. ఒక్కోవైపు పావుగంట.

ఓరోజు ఒకటిన్నర రెట్ల వేగంలో పెట్టుకుంటే, మా అత్తగారు విని, “ఈవిడకేం తొందర, బస్సు పోతోందా?” అన్నారు. అప్పట్నుంచి మామూలు వేగమే.