మీనా: తెర వెనక నుంచి వినిపించే గొంతు



ఈవేళ మీకు మీనా గురించి చెబుతాను. పేరు వింటే మన పక్కింటి అమ్మాయేమో అనిపిస్తుంది గానీ, ఈమె ఇటలీ దేశపు గాయని. అసలు పేరు ఆన్నా మరియా మజ్జీని. 1940లో పుట్టి, వయొలిన్ల తయారీకి ప్రసిద్ధి చెందిన క్రెమోనా పట్టణంలో పెరిగింది.

1958 వేసవిలో ఇంటివాళ్ళతో కలిసి సముద్రతీరానికి సెలవులు గడపడానికి వెళ్ళింది. అక్కడ ‘లా బుస్సోలా’ అనే క్లబ్బులో సరదాగా వేదిక ఎక్కి ఒక పాట పాడింది. అప్పటికి పద్ధెనిమిదేళ్ళ పిల్ల. ఆ సరదాయే జీవితమై కూర్చుంది. 1960లో జీనో పావోలీ రాసిన ‘ఒక గదిలో ఆకాశం’ అనే పాటతో దేశమంతా ఆమె పేరు మారుమోగిపోయింది.

ఇంతలో 1963 వచ్చింది. మీనా తల్లి కాబోతోంది. బిడ్డ తండ్రి కొర్రాడో పానీ అనే నటుడు. ఆయనకు అంతకుముందే పెళ్ళయింది, భార్యతో వేరుపడ్డాడు. కానీ ఇటలీలో అప్పటికి విడాకుల చట్టమే లేదు. వేరుపడినా విడిపోవడానికి దారి లేదన్నమాట! మీనా మాత్రం ఏదీ దాచలేదు. ఆ రోజుల్లో అక్కడ టెలివిజన్ అంటే ప్రభుత్వ సంస్థ ‘రాయ్’ ఒక్కటే. వాళ్ళు ఆమెను తెర మీదకు రానివ్వలేదు.

పెద్దలు తలుపు మూశారు గానీ, జనం మూయలేదు. ఆమె రికార్డుల అమ్మకం తగ్గలేదు. మీనా కావాలని జనం కోరగా, 1964లో రాయ్ వారే మళ్ళీ పిలవవలసి వచ్చింది. తరువాత 1970లో విడాకుల చట్టం వచ్చింది. దాన్ని రద్దు చేయాలా అని 1974లో ప్రజల ఓటు అడిగితే, నూటికి సుమారు 59 మంది ఉండాలనే అన్నారు. మీనా వల్లే చట్టం వచ్చిందని నేననడం లేదు. ఆమెను వేలెత్తి చూపిన సమాజమే పదేళ్ళలో ఎంత దూరం నడిచిందో చూడండి!

1972లో ఆమె పాడిన ‘మాటలు, మాటలు’ అనే పాట వింటే మీకు నవ్వొస్తుంది. మగవాడు తీయని కబుర్లు వరసగా చెబుతుంటాడు. ఆమె మాత్రం అవన్నీ ఉత్త మాటలేనని పాటలోనే కొట్టిపారేస్తుంది.

ఇంత పేరున్న మనిషి 1978 ఆగస్టులో కచేరీలకు స్వస్తి చెప్పింది. తొలిసారి పాడిన ఆ సముద్రతీరంలోనే చివరి కచేరీ చేసింది. అప్పటికి వయసు ముప్ఫై ఎనిమిది. ఆ తరువాత ఆమె మళ్ళీ వేదిక ఎక్కలేదు. అలాగని పాట మానిందా? లేదు. ఇంచుమించు ఏటేటా కొత్త రికార్డు తెస్తూనే వచ్చింది. 2024లో, ఎనభై నాలుగేళ్ళ వయసులో కూడా ఒక ఆల్బమ్ వచ్చింది.

ఇదెలా సాధ్యమైంది? 1967లోనే తండ్రితో కలిసి ఆమె సొంత రికార్డు కంపెనీ పెట్టుకుంది. ఏం పాడాలి, ఎప్పుడు పాడాలి, ముఖం చూపాలా వద్దా అనేవి తానే నిర్ణయించుకునే వీలు అలా దొరికింది. ఇంకో ముచ్చట. ఏ బిడ్డ కడుపులో పడ్డాడని ఆమెను తెర మీద నుంచి తప్పించారో, ఆ మాసిమిలియానోయే పెద్దవాడై తల్లి రికార్డులకు నిర్మాత అయ్యాడు.

గొంతుతోనే మనిషిని మన ఇంటి మనిషిగా చేసుకోవడం మనకు కొత్త కాదు. సుశీల, జానకి గార్ల పాటలు రేడియోలో వింటూ పొయ్యి దగ్గర పని చేసుకున్న వాళ్ళమే కదా! వాళ్ళ ముఖాలు చూడకముందే వాళ్ళు మనవాళ్ళయ్యారు.

1963లో మీనాను తెర వెనక్కి నెట్టింది ఇతరులు. 1978లో వెళ్ళింది తనంతట తానే. చూసేవాళ్ళకు రెండూ ఒకటిగానే కనిపించవచ్చు, కానీ రెండోసారి తలుపు గడియ ఆమె చేతిలోనే ఉంది. మన ఆడపిల్లలకు పాటో, చదువో, ఉద్యోగమో నేర్పేటప్పుడు ఆ గడియ కూడా వాళ్ళ చేతికే ఇద్దాం.

సెలవు.