ఇంటి కాపలా మీటలు

తలుపు గడియ వేసి, తాళము బిగించి, మరొక్కసారి లాగి చూచుకొనుట మన ఇండ్లలో పాత అలవాటు. ఆ పనిని విద్యుత్తుకు అప్పగింపవచ్చునని తలచినవారిలో న్యూయార్కు నగరపు నర్సు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ ఒకరు. ఆమెయు, ఆమె భర్తయు 1966లో దరఖాస్తు చేసిన గృహరక్షణ యంత్రమునకు 1969లో పేటెంటు లభించినది. మీట నొక్కి సహాయమునకు కబురంపు ఏర్పాటు అందులోనే కలదు.

తరువాతి యంత్రములలో మీటలు పెరిగినవి. అమెరికాలో విరివిగా అమర్చిన విస్టా 20పి యంత్రమునే చూడండి. దాని మీటల పలకపై అంకెలు కాక ఎ, బి, సి, డి అను నాలుగు మీటలున్నవి. దేనినైనను రెండు సెకండ్లు అదిమి పట్టవలెను. పోవుచు వచ్చుచు చేయి తగిలినంతమాత్రాన వీధియంతయు మేలుకొనకూడదు గదా! ఏ మీటకు ఏ పనియో నిర్ణయించువాడు యంత్రమును అమర్చినవాడు. అతడు తన రహస్యసంఖ్యతో ప్రవేశించి, నక్షత్రపు గుర్తును, 57ను నొక్కి, మీటను, ఇంటి భాగమును, పని సంఖ్యను తెలుపును. 03 అనగా ఇల్లు విడిచి పోవునప్పటి కాపలా. 04 అనగా ఇంట నుండి పెట్టుకొను కాపలా. అప్పుడు తలుపులు, కిటికీలు కాపలాలో నుండును గాని, లోపలి కదలికలను కనిపెట్టు కన్ను మూసికొని యుండును. అర్ధరాత్రి మంచినీళ్లకు లేచిన ముసలమ్మను యంత్రము దొంగ యనుకొనదు. 09 మొదలు 12 వరకు గల సంఖ్యలతో, వరుసగా నొక్కవలసిన మీటలన్నిటిని ఒక్క మీటలో ఇముడ్చవచ్చును.

చిక్కెక్కడనగా, ఎ, బి, సి మీటలు మొదట ఆపద మీటలు. అమర్చువాడు ఆపద రకమును నిర్ణయించని యెడల అవి నోరు మెదపవు. నిర్ణయించిన తరువాత, సౌకర్యమని ఎ మీటకు 04 ఇచ్చితిమా, భయముతో దానిని అదిమినవారికి సహాయము రాదు. కాపలా మాత్రము పడును! ఒకటిని, నక్షత్రమును కలిపి నొక్కినచో ఆ కబురు పోవుననుట నిజమే. వణకుచున్న చేతికి ఆ జంట గుర్తుండునా? కనుక మొదటి మూడింటి జోలికి పోక, డి మీటను వాడుకొనుట మేలని నా అభిప్రాయము.

కాపలా తీయుటకు మాత్రము దగ్గరి దారి లేదు, రహస్యసంఖ్య నొక్కవలసినదే. ఇది విసుగని కొందరందురు. దొంగకు కూడ అదే విసుగు.

మీటకు పని మార్చిననాడు దాని ప్రక్కన చిన్న కాగితము అంటించుడు. పర్యవేక్షక కేంద్రము వారికి ముందుగా తెలిపి, ఇంటిలోని ప్రతివారిచేతను దానిని ఒకసారి నొక్కించుడు, పిల్లలచేత కూడ.